తలుపు తీసిపెట్టినా పోని పులిపిరి

నాకు మొదటిసారి భయం వేసింది ఎప్పుడంటే, డాక్టరమ్మ "అన్నీ అర్థమయ్యాయా?" అని అడిగినప్పుడు. మా నాన్న, అమ్మ, బాబాయ్, మామ్మ, నలుగురూ ఒకేసారి తలలూపారు. నేనూ ఊపాను, కానీ కొంచెం ఆలస్యంగా. ఆ ఆలస్యంలో ఏదైనా ఒక మాట వినకుండా జారిపోయిందేమోనని.

ఎందుకంటే చెప్పింది చెప్పినట్టు చేసే ఇల్లు మాది. నర్సీపట్నంలో మా వీధిలో ఎవర్నైనా అడగండి. "వాళ్ళకి ఒక్క మాట చెప్తే చాలు, ఇంక మనం కూచుని చూడ్డమే" అంటారు. అని తెగ నవ్వుతారు. మంచి మాట నవ్వుతూనే కదా చెప్తారు! మా సూరిబాబాయ్ గోడల మీద అక్షరాలు రాసే పెయింటరు. ఒకసారి ఒకాయన తన ప్రహరీ మీద "ఈ గోడపై ఏమీ రాయరాదు" అని రాయించుకున్నాడు. ఎర్ర రంగులో ముత్యాల్లాంటి అక్షరాలు. రాయడం అయ్యాక "కింద నా ఫోన్ నంబరు కూడా వెయ్యి సూరీ" అన్నాడు. "ఎలా వేస్తానండీ? పైన ఏం రాసుందో చదవండి" అన్నాడు బాబాయ్. అంతే. ఆయన అరుస్తూనే ఉన్నాడు, బాబాయ్ బ్రష్షు కడుక్కుని ఇంటికొచ్చేశాడు. తెలివంటే అలా ఉండాలి.

అలాంటి ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. పేరు హైమవతి. బీఎస్సీ బోటనీ. అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ పోస్టుకి రాత పరీక్ష పాసయ్యాను. ఇంక మిగిలింది నడక పరీక్ష. ఆడపిల్లలైతే పదహారు కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలి. నడిస్తే ఉద్యోగం. నడవకపోతే మళ్ళీ ఎప్పుడు పోస్టులు పడతాయో, అప్పటికి నా వయసెంత ఉంటుందో. ఆ నడకే నాకు సర్వస్వం.

సరిగ్గా అప్పుడే ఎడమ మడమలో నొప్పి మొదలైంది. "చెప్పులో గులకరాయి ఉన్నట్టుంది" అన్నాను ఇంట్లో. అంతే. నాన్న చెప్పు తిరగేసి దులిపాడు. రాయి పడలేదు. బాబాయ్ చెప్పుని నిలువునా కోశాడు. లోపలా లేదు.

"రెండో దాంట్లోకి పోయుంటుంది" అంది మామ్మ.

రెండోది కూడా కోశారు. తర్వాత నా పాత జత కోశారు. ఇంకేముంది, ఉత్తి కాళ్ళతో ఆసుపత్రికి వెళ్ళాల్సొచ్చింది.

చర్మం డాక్టరమ్మ నా మడమ మీద పైతోలు కొంచెం గీకి చూసింది. గట్టిగా, చదునుగా, మధ్యలో చిన్న చిన్న నల్ల చుక్కలు.

"ఇది ఆనెకాయ కాదు, పులిపిరి. అరికాల్లో వస్తే నడిచే బరువుకి పైకి పెరగదు, లోపలికి నొక్కుకుంటుంది. అందుకే రాయి గుచ్చుకున్నట్టుంటుంది" అంది.

"నల్లచుక్కలేంటమ్మా? గింజలా?" అని అడిగింది మామ్మ.

"కొందరు అలాగే అంటారు లెండి. గింజలు కావు, గడ్డకట్టిన చిన్న రక్తనాళాలు. ఆనెకాయైతే పైనుంచి నొక్కితే నొప్పి. పులిపిరైతే ఇలా రెండు పక్కలా పట్టుకుని నొక్కితే నొప్పి ఎక్కువ."

నేను కెవ్వుమన్నాను. నాన్న "ఓహో" అన్నాడు. అని బయటికి పోయి, వరండాలో బల్లల మీద కూచున్న పేషెంట్ల మడమలు వరసగా పట్టుకుని నొక్కడం మొదలెట్టాడు. కాలికి కట్టు ఉన్న ఒకాయన నాన్నని చేతికర్రతో కొట్టాడు. నాన్న లోపలికొచ్చి "బయట ఒకాయనకి చాలా ముదిరిపోయిందండీ" అని డాక్టరమ్మకి చెప్పాడు.

"అసలు ఇదెలా వచ్చిందండీ మా పిల్లకి?" అంది అమ్మ.

"వైరస్ వల్ల. హాస్టల్ బాత్‌రూముల్లాంటి తడి చోట్ల ఉత్తి కాళ్ళతో తిరిగితే, కాలికి ఏ చిన్న పగులున్నా అందులోంచి దూరుతుంది."

నేను కోచింగుకి విశాఖపట్నంలో హాస్టల్లో ఉన్నాను. ఉత్తి కాళ్ళతోనే తిరిగాను. మా నాన్న సినిమా హాల్లో గేట్‌కీపరు. ఆయన మొహం ఎర్రబడింది. "అంటే టిక్కెట్టు లేకుండా దూరిందన్నమాట" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వి, ఒక్కొక్కటే చెప్పింది. రోజూ పాదం గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి, తోలు మెత్తబడాలి. కాళ్ళు రుద్దుకునే రాయితో పైన చచ్చిన తోలు మెల్లగా రుద్దాలి. బ్లేడు పెట్టి కొయ్యకూడదు. చుక్కల మందు పులిపిరి మీదే పడాలి, చుట్టూ మంచి చర్మానికి తగలకూడదు. పైన ప్లాస్టరు వెయ్యాలి. అంటుకునే జబ్బు కాబట్టి ఎవరి తువ్వాలు వాళ్ళది, ఎవరి చెప్పులు వాళ్ళవి. తడినేల మీద ఎవరూ ఉత్తి కాళ్ళతో నడవకూడదు. తీసేసిన ప్లాస్టరు ఎక్కడపడితే అక్కడ పారెయ్యకుండా మూతున్న చెత్తబుట్టలో వెయ్యాలి. బిగుతు బూట్లు వద్దు, మెత్తగా, వదులుగా ఉండేవి వేసుకోవాలి.

"కొందరికి ఏ మందూ వెయ్యకపోయినా దానంతట అదే పోతుంది. కానీ నెలలు పట్టచ్చు, ఏడాదీ పట్టచ్చు. మీకు పరీక్ష ఉంది కాబట్టి మందు వేద్దాం. చర్మం మీద మామూలు గీతలు మళ్ళీ కనిపించాయంటే తగ్గినట్టు. అన్నీ అర్థమయ్యాయా?"

అప్పుడే అందరూ తలలూపింది.

మొదటి రోజు నానబెట్టడం. మా అమ్మ ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. నానబెట్టడంలో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. మినప్పప్పు నానబెట్టే గిన్నెలోనే నా పాదం పెట్టింది. పొద్దున్న పెట్టింది, మధ్యాహ్నం వచ్చి బొటనవేలు గిల్లి చూసింది.

"అబ్బా! ఏంటే అమ్మా?"

"నానిందో లేదో చూడొద్దూ? గోటితో నొక్కితే రెండు ముక్కలవ్వాలి. ఇంకా గట్టిగానే ఉంది. ఉండు."

సాయంత్రానికి నా పాదం ముడతలు పడి పక్కింటి తాతగారి పాదంలా అయింది. అయినా ముక్కలవ్వలేదు. "పాత సరుకు" అని పెదవి విరిచింది అమ్మ.

మామ్మకి మాత్రం వేరే దిగులు. "ఒసే కోడలా, నల్లచుక్కలు గింజలంటారని ఆ డాక్టరమ్మే ఒప్పుకుందా లేదా? గింజల్ని రోజంతా నానబెడితే ఏమవుతాయే?"

"మొలకెత్తుతాయి అత్తయ్యా" అంది అమ్మ. అని నోటి మీద చెయ్యేసుకుంది.

అందరూ నా వైపు చూశారు. ఎంతైనా బోటనీ కదా నాది. నేను ధైర్యం చెప్పాను. "కంగారు పడకండి. మొలకెత్తాలంటే నీళ్ళొక్కటే చాలదు, గాలి కూడా కావాలి. డాక్టరమ్మ పైన ప్లాస్టరు వెయ్యమంది అందుకే. గాలి ఆడదు, మొలవదు."

"చదువంటే చదువేరా నర్సూ" అంది మామ్మ నాన్నతో. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత మందు. మంచి చర్మానికి తగలకూడదంది కదా. బాబాయ్ "అది నాకొదిలెయ్యండి" అన్నాడు. కిటికీలకి రంగు వేసేటప్పుడు అద్దం మీద పడకుండా కాగితం టేపు అంటిస్తాడు కదా, అది తెచ్చాడు. పులిపిరంత చోటు వదిలి మడమంతా అంటించాడు. తర్వాత పాదం, పిక్క, మోకాలు. ఒక్క చుక్క ఎగిరిపడినా ప్రమాదమే కదా అని కుడికాలు కూడా. చర్మం చర్మమే కదా అని పక్కన దీపం పట్టుకున్న అమ్మ చేతులకి, మామ్మ మొహానికి. అంతే. అంతా అయ్యాక ఒక్క చుక్క మందు వేశాడు. సరిగ్గా పులిపిరి మీద పడింది.

"చూశావా వదినా, గీత దాటలేదు!" అన్నాడు.

మామ్మ ఏదో అంది కానీ టేపు ఉంది కదా, వినపడలేదు.

చెప్పుల సంగతి అంత తేలిగ్గా తేల్లేదు. మా ఇంట్లో గుమ్మంలో ఏ చెప్పులు దగ్గరుంటే అవి వేసుకుపోవడం అలవాటు. ఇప్పుడు ఎవరివి వాళ్ళవే. మా ఇల్లు ఎప్పుడూ తడి, అమ్మ రుబ్బుడుతో వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా నీళ్ళే. అందుకని అందరం ఇంట్లోనూ చెప్పులతోనే. ఇంకేముంది, మామ్మ దేవుడి గది ముందు నిలబడిపోయింది.

"చెప్పులేసుకుని దేవుడి గదిలోకి పోతే పాపం. తీసేసి పోతే డాక్టరమ్మ మాట తప్పినట్టు. ఒరే సూరీ, ఏదో ఒకటి చెప్పరా!"

బాబాయ్ ఆలోచించి దేవుళ్ళని హాల్లోకి తెచ్చాడు. అంతే, హాలు దేవుడి గది అయిపోయింది, అక్కడా చెప్పులు వేసుకోకూడదాయె. వంటింట్లోకి మార్చారు. వంటిల్లు దేవుడి గది అయింది. అమ్మ పొయ్యి దగ్గరకి పోలేక గుమ్మంలో నిలబడి, పొడుగు గరిటె చాచి సాంబారు కలిపింది. చివరికి దేవుళ్ళందర్నీ నాన్న సైకిలు ముందు బుట్టలో పెట్టి పెరట్లో నిలబెట్టారు. నాన్న డ్యూటీకి వెళ్ళేటప్పుడు దేవుళ్ళూ సినిమా హాలుకి వెళ్ళేవాళ్ళు. మామ్మకి మొదట్లో కష్టంగా అనిపించింది కానీ, "పోనీలే, ఎన్నాళ్ళని ఆ గదిలోనే ఉంటారు" అని సర్దుకుంది.

ఇన్ని చేసినా నాకొకటే బెంగ. నడక పరీక్ష దగ్గరికొచ్చేస్తోంది. మందు పని చేస్తున్నట్టే ఉంది, పైతోలు తెల్లబడి రేకులు రేకులుగా వస్తోంది, నొప్పి తగ్గుతోంది. కానీ చుక్కలు మాత్రం కదల్లేదు.

ఒక మధ్యాహ్నం నాన్న అన్నం తింటూ హఠాత్తుగా ఆగిపోయాడు. "దానంతట అదే పోతుందని చెప్పిందా లేదా?"

"చెప్పింది" అన్నాం.

"మరి మనం తలుపులేసుకుని కూచున్నాం! ఎటు పోతుంది?"

అందరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నాం. ఎంత పొరపాటు!

"ఆట అయిపోయాక గేటు తియ్యకపోతే జనం ఏం చేస్తారు? లోపలే ఉండిపోతారు. అంతే ఇది కూడా" అన్నాడు నాన్న. వెంటనే లేచి వీధి తలుపు, పెరటి తలుపు, బాత్‌రూము తలుపు, బీరువా తలుపుతో సహా బార్లా తీశాడు. నన్ను హాల్లో చాప మీద పడుకోబెట్టి, మడమ వీధి వైపు తిప్పారు. మనుషులుంటే మొహమాటపడుతుందేమోనని అమ్మ అందరికీ కళ్ళు మూసుకోమంది. అందరం మూసుకున్నాం. భోజనం చేసి ఉన్నాం కదా, నిద్ర పట్టేసింది.

లేచేసరికి గుమ్మంలో నా ఎడమకాలి బూటు లేదు. నడక పరీక్ష కోసం కొనుక్కున్న కొత్త బూటు. చుట్టుపక్కల మట్టిలో కుక్క అడుగులున్నాయి.

"నా బూటు!" అన్నాను నేను.

"బూటు సంగతి తర్వాత. పోయింది!" అని చప్పట్లు కొట్టింది మామ్మ. "పులిపిరి పోయిందిరా నర్సూ! ఉత్తి కాళ్ళతో తిరగొద్దని డాక్టరమ్మ చెప్పింది కదా, బుద్ధిగా బూటేసుకుని మరీ పోయింది!"

"ఎడమకాలిదే వేసుకుంది చూశావా? ఎవరి చెప్పులు వాళ్ళవి. మన ఇంట్లో ఉండి ఆ మాత్రం నేర్చుకోదూ" అన్నాడు బాబాయ్.

ప్లాస్టరు తీసి చూశాం. పులిపిరి అక్కడే ఉంది.

అందరి మొహాలూ పాలిపోయాయి. "అంటే పోయింది వేరే ఎవరిదో" అంది అమ్మ మెల్లగా. "మనందర్లో ఎవరికో ఉండుంటుంది, మనకే తెలీదు." నాన్న వెంటనే అందరి మడమలూ నొక్కి చూశాడు. మామ్మ కేకకి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

బూటు కొనాలి. నాన్న, నేను వెళ్ళాం. ఒక్క ఎడమది అమ్మనన్నాడు షాపాయన. సరే జత తీసుకుందాం అనుకుని నా సైజు చెప్పాను. నాన్న నన్ను ఆపాడు.

"డాక్టరమ్మ ఏం చెప్పింది? మెత్తగా ఉండాలి, వదులుగా ఉండాలి. ఏవయ్యా, వదులువి చూపించు."

షాపాయన ఒక సైజు పెద్దవి ఇచ్చాడు. నాన్న వేలు పెట్టి చూశాడు. "ఇంకా వదులువి లేవా?" ఇంకో సైజు. "ఇంకా?" చివరికి ఆయన విసుక్కుని, షాపు బయట గుర్తుగా వేలాడదీసిన పెద్ద బూట్ల జత విప్పి ఇచ్చాడు. మెత్తగానే ఉన్నాయి. ఒక్కోదాంట్లో నా రెండు పాదాలూ పట్టాయి.

"ఇప్పుడెలా ఉందమ్మా?"

"చాలా వదులుగా ఉంది నాన్నా" అన్నాను. నాకు నిజంగా నిశ్చింత అనిపించింది.

పరీక్ష ముందురోజు నా మడమ మీద గీతలు కనిపించాయి. సన్నగా, చేతివేళ్ళ మీద ఉంటాయే, అలాంటివి. డాక్టరమ్మ చెప్పిన గుర్తు అదే! ఒక్క మూల మాత్రం ఒక నల్లచుక్క మిగిలింది. గీతలు రాగానే మామ్మ కళ్ళజోడు పెట్టుకుని నా మడమ ఒళ్ళో పెట్టుకుంది.

"ఇదిగో ఇది ఆయుష్షు గీత. ఇదేమో గవర్నమెంటు ఉద్యోగం. ఉంది, గట్టిగా ఉంది. కానీ ఇక్కడ ఈ చుక్క దగ్గర చిన్న గండం కనిపిస్తోందే."

"చుక్కుంది కాబట్టి ప్లాస్టరు వెయ్యాల్సిందే" అన్నాన్నేను. కొత్త ప్లాస్టరు వేసుకుని పడుకున్నాను.

పరీక్ష ఊరవతల తారురోడ్డు మీద. ఎనిమిది కిలోమీటర్లు వెళ్ళి, ఎనిమిది వెనక్కి రావాలి. బయల్దేరిన గీత దగ్గరే పూర్తవుతుంది. మా వాళ్ళందరూ గీత పక్కనే నిలబడ్డారు. నాన్న సైకిలు బుట్టలో దేవుళ్ళు. అమ్మ చేతిలో మూతున్న చెత్తబుట్ట, నేను నడక పూర్తిచేసి రాగానే ప్లాస్టరు అందులో వెయ్యడానికి.

ఈల ఊదారు. నడిచాను. బూట్లు టపటపమని కొట్టుకుంటున్నాయి, లోపల నా పాదాలు అటూ ఇటూ ఈదుతున్నాయి. అయినా నొప్పి లేదు! గులకరాయి లేదు! వెళ్ళేటప్పుడు మధ్యలో ఉన్నాను. తిరిగొచ్చేటప్పుడు నాకు ముందు ఇద్దరే. ఆఖరి మలుపు తిరిగేసరికి ఎవరూ లేరు. గీత దగ్గర ఆఫీసరు గారు వాచీ చూసుకుంటూ "శెభాష్, ఇంకా గంటన్నర టైముంది!" అని అరిచాడు. ఇంకో పది అడుగులు.

అప్పుడు బాబాయ్ అరిచాడు. "హైమా! ప్లాస్టరు ఉందా?"

ఆగి బూటు తీసి చూశాను. మడమ ఉత్తిగా ఉంది. వదులు బూట్లలో ఎక్కడో ఊడి, వెనకనుంచి జారి రోడ్డు మీద పడిపోయింది.

ఇంకేముంది, గోల లేచింది మా వాళ్ళలో. "ఎక్కడపడితే అక్కడ పారెయ్యొద్దంది! వెనకాల పిల్లలు వస్తున్నారే, కొందరు బూట్లు చేత్తో పట్టుకుని ఉత్తి కాళ్ళతో నడుస్తున్నారే!" అంది అమ్మ ఖాళీ చెత్తబుట్ట ఊపుతూ.

నేను వెనక్కి తిరిగాను.

"ఏయ్ అమ్మాయ్! ఎక్కడికి? పది అడుగులు! గీత దాటి తర్వాత వెతుక్కో!" అన్నాడు ఆఫీసరు గారు.

"లేదండీ, మాది చెప్పింది చెప్పినట్టు చేసే ఇల్లు" అన్నాడు నాన్న గర్వంగా.

"అయితే నేను చెప్తున్నా కదయ్యా, గీత దాటమని!"

మామ్మ ముందుకొచ్చింది. "డాక్టరమ్మ ముందు చెప్పింది బాబూ. మీరు తర్వాత చెప్పారు. వరసలో రండి."

అంతే. నేను వెళ్ళిపోయాను. దారంతా వంగి వెతికాను. మొదటి కిలోమీటరులోనే ఒక ప్లాస్టరు దొరికింది. హమ్మయ్య అనుకున్నాను. రెండడుగుల్లో ఇంకోటి దొరికింది. తర్వాత ఇంకోటి. నడిచినవాళ్ళలో సగం మందికి కాళ్ళు బొబ్బలెక్కి ప్లాస్టర్లు వేసుకున్నారట. అన్నీ ఒకే రంగు, ఒకే సైజు. ఏది నాదో తెలీక అన్నీ ఏరాను. నేను గీత దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమైంది, గీత కూడా సగం చెరిగిపోయింది. ఆఫీసరు గారు కుర్చీలో కూచుని టీ తాగుతున్నాడు. నా గుప్పిట చూసి టీ గ్లాసు కింద పెట్టాడు.

"వచ్చేవారం పక్క జిల్లా వాళ్ళకి పరీక్ష ఉంది. పైవాళ్ళని బతిమాలి వాళ్ళతో కలిపి నిన్ను నడిపించగలనేమో చూస్తా. ఆ కాలు మాత్రం జాగ్రత్త. కొత్తగా ఏ తేడా రాకూడదు. తెలిసిందా?" అన్నాడు.

అందరం తలలూపాం. ఈసారి నేను ఆలస్యం చెయ్యలేదు.

ఇంటికొచ్చాక అమ్మ ప్లాస్టర్లన్నీ చెత్తబుట్టలో వెయ్యబోయింది. నాన్న చెయ్యి పట్టుకున్నాడు. "ఆగవే! ఎవరివి వాళ్ళవే అని కదా డాక్టరమ్మ చెప్పింది. ఇది మన బుట్ట. ఇందులో హైమది ఒక్కటే వెయ్యాలి. మిగతావి ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యాలి."

"మరి హైమది ఏదని ఎలా తెలుస్తుంది అన్నయ్యా?" అన్నాడు బాబాయ్.

"చెప్పుల షాపులో ఎలా తెలుస్తుంది?" అంది అమ్మ. "పెట్టి చూస్తే తెలుస్తుంది. ఏది సరిపోతే అది."

ఎంత సులువో చూడండి! మాకెవరికీ తట్టలేదు. నేను చాప మీద కూచుని మడమ చాచాను. అమ్మ ఒక్కో ప్లాస్టరూ తీసి గట్టిగా అదిమి అంటిస్తోంది, మామ్మ కళ్ళజోడుతో చూస్తోంది, నాన్న దీపం పట్టుకున్నాడు.

ఇది చదువుతున్నవాళ్ళలో పెద్దవాళ్ళు, అనుభవం ఉన్నవాళ్ళు, ఆ రోజు నాతో నడిచిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. నాకు భయంగా ఉంది, వచ్చేవారమే పరీక్ష. ఇప్పటికి సగం పైన పెట్టి చూశాం. అన్నీ సరిపోతున్నాయి. నేనిప్పుడేం చెయ్యాలి? కుడి మడమకి కూడా పెట్టి చూడమంటారా?